బీటిల్ ఇంజిన్ విప్పాక: ఏ పార్టు కొత్తది కొనాలి, ఏది పాతదే ఉంచాలి

ఇంజిన్ విప్పి బల్ల మీద పరిచాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ఒకే లిఫ్టర్ల (క్యామ్ తిరిగేటప్పుడు వాల్వులను తోసే ముక్కలు) సెట్టు నాలుగైదు ధరల్లో దొరుకుతుంది. ఫొటోలో అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. ఒక డబ్బా మీద జర్మనీ అని ఉంటుంది, ఇంకో దాని మీద బ్రెజిల్ అని ఉంటుంది, మరో దాని మీద ఏ దేశం పేరూ ఉండదు. ఏది తీసుకోవాలో తెలియక రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చున్న రోజులు నాకున్నాయి.

నేను టెక్సాస్‌లో ఉంటాను. 1972 బీటిల్ కొన్నాక ఆ ఇంజిన్‌ను రెండుసార్లు విప్పాను. రెండోసారి విప్పాల్సి వచ్చింది మొదటిసారి కొన్న ఒక పార్టు వల్ల. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లేత్ మీద పనిచేశారు. ఆయన బీటిల్ ఇంజిన్‌ను చేత్తో ముట్టుకున్నది లేదు. అయినా వీడియో కాల్‌లో నా క్రాంక్‌షాఫ్ట్ చూసి మొదట అన్న మాట, "పాతదని పారేయకురా. ముందు కొలువు." ఈ వ్యాసంలో నేను ఇచ్చే సలహాలన్నీ ఆ మాట నుంచి వచ్చినవే.

ఇక్కడ చెప్పేవన్నీ 1971 నుంచి వచ్చిన 1600 సీసీ డ్యూయల్ పోర్ట్ (ప్రతి హెడ్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే దారులు రెండు) ఇంజిన్ గురించి. బోరు 85.5 మి.మీ., స్ట్రోకు 69 మి.మీ., అసలు కొలత 1584 సీసీ. అంతకు ముందు 1300, 1500 ఇంజిన్లకూ చాలావరకు పనికొస్తాయి గానీ కొలతలు మాత్రం మీ ఇంజిన్‌వి చూసుకోవాలి. మీ దగ్గరున్నది ఏ ఇంజినో డైనమో స్టాండ్ కింద కేస్ (క్రాంక్, క్యామ్ కూర్చునే ఇంజిన్ పెట్టె) మీద కొట్టిన నంబరు చెబుతుంది. కారు పుస్తకంలో ఉన్న సంవత్సరాన్ని నమ్మకండి. యాభై ఏళ్లలో చాలా కార్ల ఇంజిన్లు మారిపోయాయి.

## ఇన్ని రకాలు ఎందుకున్నాయి

జర్మనీలో మామూలు బీటిల్ తయారీ 1978లో ఆగిపోయింది, కన్వర్టిబుల్ మాత్రం 1980 దాకా వచ్చింది. మెక్సికోలోని ప్వెబ్లాలో 2003 జూలై 30 దాకా నడిచింది. మొత్తం 2,15,29,464 కార్లు. బ్రెజిల్‌లో ఇదే కుటుంబానికి చెందిన గాలి చల్లబరిచే ఇంజిన్‌తో కోంబి వ్యాను 2005 చివరి వరకూ వచ్చింది. అందుకే బ్రెజిల్, మెక్సికోలలో కారు ఫ్యాక్టరీకి సరుకు ఇచ్చిన కంపెనీల పార్టులు చాలాకాలం దొరికాయి, కొన్ని ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఆ లైన్లు మూతపడ్డ చోట చైనా, తైవాన్ తయారీలు వచ్చాయి. వాటిలో చాలా మంచివీ ఉన్నాయి, పెట్టకూడనివీ ఉన్నాయి. దేశం పేరు చూసి తేల్చేస్తే రెండు వైపులా మోసపోతాం.

## కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

మొదటిది, ఇది పాడైతే దీనితో పాటు ఇంకేం పోతుంది? వాల్వ్ కవర్ ప్యాకింగ్ పోతే నేల మీద నూనె పడుతుంది, అంతే. ఎగ్జాస్ట్ వాల్వ్ తల తెగి లోపల పడితే పిస్టన్, హెడ్, ఒక్కోసారి కేస్ కూడా పోతాయి.

రెండోది, మార్చాలంటే కేస్ విడదీయాలా? కార్బురేటర్ నచ్చకపోతే శనివారం పొద్దున మార్చేయొచ్చు. క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు), లిఫ్టర్లు, మెయిన్ బేరింగులు మార్చాలంటే ఇంజిన్ దించి, కేస్ రెండు సగాలూ విడదీయాల్సిందే. డబ్బు ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

మూడోది, నేను దీన్ని ఇంట్లో కొలవగలనా? కొలవగలిగిన పార్టు అయితే చౌకది కొన్నా ధైర్యంగా ఉండొచ్చు, తప్పుంటే కొలతలో దొరికిపోతుంది కాబట్టి. లోహం గట్టిదనం మాత్రం మైక్రోమీటర్‌కు కనపడదు. అలాంటి పార్టుకు తయారీదారు పేరు మీదే ఆధారపడాలి.

ఇవి మూడూ ఒక ఎత్తు, జత కుదరడం ఒక ఎత్తు. క్యామ్‌కు సరిపోని ఆయిల్ పంపు ఎంత మంచి కంపెనీదైనా పనికిరాదు.

## దారులు ఐదు

| దారి | బలం | బలహీనత | ఎక్కడ వాడాలి |
|---|---|---|---|
| కారుతో వచ్చిన పాత పార్టునే మిషన్ షాపులో సరిచేయించడం | లోహం నాణ్యత తెలిసిందే, జత కుదురుతుంది | మంచి షాపు దొరకాలి, సమయం పడుతుంది | క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు, కేస్, చల్లబరిచే గాలిని నడిపే టిన్ రేకులు |
| వాడని పాత స్టాకు | ఫ్యాక్టరీ నాణ్యత | ధర ఎక్కువ, రబ్బరు అయితే ఎండిపోయి ఉంటుంది | బేరింగులు, లిఫ్టర్లు, థర్మోస్టాట్ |
| బ్రెజిల్, మెక్సికో ఫ్యాక్టరీ సరఫరాదారులవి | ధరకు తగ్గ నాణ్యత | నకిలీ డబ్బాలు, స్టాకు నిలకడ ఉండదు | పిస్టన్లు, బ్యారెళ్లు, ఆయిల్ పంపు, సీళ్లు |
| కొత్తగా తయారైన ఆఫ్టర్‌మార్కెట్ | వెంటనే దొరుకుతుంది, చౌక | ఒక్కో బ్యాచి ఒక్కోలా ఉంటుంది | కొలిచి చూడగలిగినవి, కేస్ బయట ఉండేవి |
| మొత్తం రీబిల్ట్ ఇంజిన్ | శ్రమ తక్కువ, వారంటీ | లోపల ఏం పెట్టారో మీకు కనపడదు | పనిముట్లు, తీరిక లేనివాళ్లకు |

ఈ పట్టికను పట్టుకుని ఇంజిన్ మొత్తానికి ఒకే దారి ఎంచుకోవద్దు. ప్రతి పార్టుకూ విడిగా తేల్చుకోవాలి.

## కేస్

పాత కేస్ మెగ్నీషియం మిశ్రమం. వేడికి, ఏళ్ల తరబడి దెబ్బలకు మెయిన్ బేరింగ్ కూర్చునే గూళ్లు సాగిపోతాయి, ముఖ్యంగా మధ్యలో ఉన్న రెండో నంబరు గూడు. ఫ్యాక్టరీ కొలత 65.00 నుంచి 65.02 మి.మీ. అది 65.03 దాటితే లైన్ బోర్ (గూళ్లన్నీ ఒకే వరుసలో మళ్లీ తొలచడం) చేయించాలి. ఫ్లైవీల్ వెనక, మూడో సిలిండర్ దగ్గర పగులు ఉందేమో కూడా చూడండి. గ్రీజు మొత్తం కడిగాక గోరుతో తడిమితేనే కొన్ని పగుళ్లు తెలుస్తాయి.

పగులు లేకపోతే, ఇంతకుముందు మరీ ఎక్కువ బోర్ చేసి ఉండకపోతే నా ఓటు పాత కేస్‌కే. హెడ్ స్టడ్లు మరలు ఊడి వస్తుంటే వాటికి స్టీలు కేస్ సేవర్లు (కొత్త మరలున్న చిన్న గొట్టాలు) వేయించండి. పగిలిన కేస్‌ను వెల్డింగ్ చేయించి బతికించే ప్రయత్నం మాత్రం రోజూ తిరిగే కారుకు వద్దు. ఏఎస్ 41 అనే మెగ్నీషియం మిశ్రమంతో పోసిన కొత్త బ్రెజిల్ కేసులు, అల్యూమినియం కేసులు ఉన్నాయి. అల్యూమినియం గట్టిగానే ఉంటుంది గానీ బరువెక్కువ. మామూలు 1600కు అంత అవసరం లేదు.

## క్రాంక్, బేరింగులు

జర్మన్ క్రాంక్ ఫోర్జింగ్. పగుళ్ల పరీక్షలో నెగ్గితే దాన్ని పారేసి కొత్తది కొనడంలో అర్థం లేదు. అరిగి ఉంటే 0.25 మి.మీ., తర్వాత 0.50 మి.మీ. చొప్పున గ్రైండ్ చేయించుకోవచ్చు.

బేరింగుల దగ్గర చాలామంది తొందరపడతారు. ఈ ఇంజిన్ బేరింగ్ సెట్టుకు మూడు కొలతలుంటాయి: బయటి వ్యాసం కేస్‌కు, లోపలి వ్యాసం క్రాంక్‌కు, ఒకటో బేరింగ్ అంచు వెడల్పు త్రస్ట్‌కు, అంటే క్రాంక్ ముందుకు వెనక్కు జరగకుండా ఆపడానికి. కేస్ లైన్ బోర్ అయ్యి, క్రాంక్ గ్రైండ్ అయ్యి తిరిగొచ్చి, ఈ మూడు అంకెలూ మీ చేతికొచ్చాకే బేరింగులు ఆర్డర్ పెట్టండి. ముందే ఆఫర్ ఉందని కొన్నవి అలమరలో పడి ఉంటాయి.

కంపెనీల్లో కోల్బెన్‌ష్మిట్, మాహ్లే పేర్లు నమ్మదగినవి. బ్రెజిల్‌లో మెటల్ లేవె కంపెనీని మాహ్లే 1996లో కొనేసింది కాబట్టి పాత స్టాకులో ఆ పేరు కనిపిస్తే భయపడాల్సిన పనిలేదు. ఎవరిదైనా సరే, బిగించాక క్రాంక్ ముందుకు వెనక్కు కదిలే ఎండ్ ప్లే 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య రావాలి. దానికి వాడే షిమ్‌లు (పలచటి ఉక్కు ఉంగరాలు) ఎప్పుడూ మూడే. డయల్ గేజ్ లేకపోతే అప్పు తెచ్చుకోండి, ఈ ఒక్క కొలత అంచనాతో చేసేది కాదు.

## క్యామ్, లిఫ్టర్లు: ఇక్కడే ఆగి ఆలోచించండి

మొదటిసారి కట్టినప్పుడు డబ్బంతా పిస్టన్లకూ హెడ్లకూ పెట్టి, లిఫ్టర్లు మాత్రం ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి చౌకలో తెప్పించాను. బండి చక్కగా స్టార్టయింది. మూడు వందల మైళ్లకు ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) చూస్తే ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ 0.15 మి.మీ. ఉండాల్సింది బాగా పెరిగి ఉంది. సరిచేశాను. ఇంకో రెండు వందల మైళ్లకు మళ్లీ పెరిగింది. ఈసారి మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ కూడా.

ఆ రెండూ కలిసి పెరగడంతో విషయం అర్థమైంది. ఈ ఇంజిన్‌లో ఎనిమిది వాల్వులకు క్యామ్ మీద నాలుగే లోబులు (లిఫ్టర్లను తోసే ఉబ్బులు) ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న ఒకటి, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులను ఒకే లోబు తోస్తుంది. ఆ లోబు అరిగిపోతోంది. నూనె దించి జల్లెడ తీస్తే దాని అడుగున బూడిద రంగు మెరుపు, వేలి కొసకు అంటుకునేంత సన్నని పొడి. స్టాక్ ఇంజిన్‌కు ఆయిల్ ఫిల్టర్ లేదు, ఉన్నది జల్లెడ ఒక్కటే. ఆ పొడి అంతా అప్పటికే కొత్త బేరింగుల గుండా తిరిగింది. ఇంజిన్ దించి, కేస్ విడదీసి చూస్తే లిఫ్టర్ ముఖం మీద గుంట. లోహం మెత్తనిది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, గట్టిదనమే లేదు. మైక్రోమీటర్ నన్ను కాపాడలేని చోటు అది.

అందుకే లిఫ్టర్ల విషయంలో నా మాట గట్టిగా చెప్తాను. వాడని పాత జర్మన్ స్టాకు దొరికితే ధర చూడకుండా తీసుకోండి. దొరక్కపోతే క్యామ్ ఎవరు గ్రైండ్ చేశారో వాళ్లే సిఫారసు చేసే లిఫ్టర్లు కొనండి. కాలిఫోర్నియాలో ఎంగిల్ లాంటి క్యామ్ తయారీదారులు ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. ఇంకో మంచి దారి, మీ పాత జర్మన్ లిఫ్టర్ల ముఖాలు గుంటలు పడకుండా ఉంటే వాటిని మళ్లీ గ్రైండ్ చేయించడం. పాత లిఫ్టర్లను అలాగే తీసి కొత్త క్యామ్ మీద పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

వచ్చిన లిఫ్టర్లను రెండేసి తీసుకుని ముఖానికి ముఖం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ముఖం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాలి కాబట్టి అంచుల దగ్గర సన్నని వెలుగు గీత కనపడాలి, ఒకదాని మీద ఒకటి రవ్వంత ఊగాలి. బల్లపరుపుగా అతుక్కుపోతే వెనక్కి పంపేయండి. ఆ ఉబ్బు లేకపోతే లిఫ్టర్ తన చుట్టూ తాను తిరగదు, తిరగకపోతే ఒకే చోట అరుగుతుంది.

క్యామ్ గేరు వెనక ఒక అంకె ఉంటుంది, అది గేరు సైజు. లైన్ బోర్ చేసిన కేస్‌లో ఇంతకుముందున్న సైజు గేరు సరిపోకపోవచ్చు. క్రాంక్, క్యామ్ రెండూ ఒక సగంలో పెట్టి క్రాంక్‌ను వెనక్కు తిప్పండి. క్యామ్ తన గూట్లోంచి పైకి లేస్తే గేరు పెద్దదైందని అర్థం.

మొదటి స్టార్ట్‌లో జింక్ ఉన్న బ్రేక్-ఇన్ నూనె పోసి, ఐడిల్‌లో పెట్టకుండా 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. దాని కోసం ట్యాంకులో పెట్రోలు, టైమింగ్, కార్బురేటర్ అన్నీ ముందే సిద్ధంగా ఉంచుకోండి.

## పిస్టన్లు, బ్యారెళ్లు

ఇక్కడ ఎంపిక తేలిక, ఎందుకంటే కొలవొచ్చు. మాహ్లే, సిమా సెట్లు ఎక్కువమంది వాడేవి, నా రెండో ఇంజిన్‌లోనూ అవే ఉన్నాయి. కొత్త చైనా సెట్లు కూడా కొందరు సంతోషంగా వాడుతున్నారు. ఏది కొన్నా పిస్టన్లను వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. నాలుగింటి మధ్య తేడా 5 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. రింగును బ్యారెల్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో గ్యాపు చూడండి. పై రింగుకు 0.30 నుంచి 0.45 మి.మీ. మధ్య ఉంటే సరే.

ఎలాగూ విప్పాం కదా, పెద్ద బోరు వేద్దాం అనే ఆశ అందరికీ పుడుతుంది. మిషన్ పని లేకుండా నేరుగా దిగిపోయే 88 మి.మీ. సెట్లు చూడటానికి ఊరిస్తాయి గానీ వాటి గోడలు పలచన. వేడికి బ్యారెల్ గుండ్రంగా నిలవదు, నూనె తాగడం మొదలవుతుంది. పెద్దది కావాలంటే కేస్, హెడ్లు రెండూ బోర్ చేయించి మందం గోడలున్న 94 మి.మీ. దాకా వెళ్లాలి, దానికి తగ్గట్టు బడ్జెట్ కూడా పెరుగుతుంది. లేదంటే 85.5 దగ్గరే ఉండిపోవడం మంచిది.

## హెడ్లు, వాల్వులు

పాత హెడ్లలో ప్లగ్ రంధ్రానికీ వాల్వ్ సీటుకూ మధ్య పగుళ్లు మామూలే. పగిలితే కొత్త హెడ్లు కొనడమే నయం. కొత్త హెడ్లు డబ్బాలోంచి తీసి నేరుగా బిగించేస్తారు చాలామంది. అలా చేయకుండా వాల్వును కొద్దిగా ఎత్తి పక్కలకు ఊపి చూడండి. కొత్త గైడులోనే లూజు ఉంటే ఆ హెడ్‌ను షాపుకు తీసుకెళ్లి గైడులు మార్పించాలి.

పాత హెడ్లు బాగున్నా సరే ఎగ్జాస్ట్ వాల్వులు నాలుగూ కొత్తవి, పేరున్న కంపెనీవి వేయండి. ముందు తరం ఇంజిన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ కవచం లోపలే ఉండి మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డుపడేది, ఎగ్జాస్ట్ వాల్వు తెగేది కూడా ఎక్కువగా అక్కడే. 1971లో కూలర్‌ను పక్కకు జరిపి విడి గది కట్టారు. మీది పాత కవచమైతే ఈ కొత్త రకం కవచం వెతికి కొనడానికి పెట్టే డబ్బు ఏ క్రోము పార్టు కన్నా విలువైనది.

## ఆయిల్ పంపు, ఫిల్టర్

పాత క్యామ్ గేరు చదునుగా ఉంటుంది, తర్వాతి కాలంది లోపలికి పళ్లెంలా దిగి ఉంటుంది. పంపు దానికి జతగా ఉండాలి. కొత్త క్యామ్ కొంటే అదేరోజు పంపు కూడా చూసుకోండి. షాడెక్ అనే బ్రెజిల్ కంపెనీ పంపులు చాలాకాలంగా ఈ ఇంజిన్లకు వాడుతున్నారు. పెద్ద పంపు వేస్తే మంచిదనుకోవద్దు. బేరింగు గ్యాపులు సరిగ్గా ఉన్న ఇంజిన్‌కు చలి పొద్దున ఒత్తిడి ఎక్కువై కూలర్ సీళ్లు కారతాయి.

లిఫ్టర్ల పొడి అనుభవం తర్వాత నేను చేసిన ఒక్క మార్పు, బయట ఫుల్ ఫ్లో ఆయిల్ ఫిల్టర్, అంటే పంపు నుంచి వచ్చే నూనె మొత్తాన్నీ వడగట్టేది. కేస్ విడిగా ఉన్నప్పుడే దానికి రంధ్రం, మర చేయించేయండి. ఒరిజినల్ రూపం ముఖ్యమనుకునేవాళ్లు తప్ప మిగతా అందరికీ ఇదే నా సిఫారసు.

## మిగతావి, త్వరగా

సీళ్లు, ప్యాకింగులు: ఎల్రింగ్, విక్టర్ రైంజ్, సాబో. పాత స్టాకు రబ్బరు కొనొద్దు. పుష్‌రాడ్ ట్యూబులను బిగించే ముందు 190–191 మి.మీ. పొడవుకు సాగదీయాలి, లేకపోతే ఏ సీలు వేసినా కారుతుంది.

టిన్ రేకులు: పాత జర్మన్ రేకులే ఉంచండి. కొత్త నకళ్లు అంచుల దగ్గర సరిగ్గా కూర్చోవు, గాలి ఎక్కడెక్కడో పోతుంది. థర్మోస్టాట్, లోపలి ఫ్లాపులు తీసేసి ఉంటే వెతికి పెట్టుకోండి.

డిస్ట్రిబ్యూటర్: బాష్ 009 చవక, సులువు. కానీ దాంట్లో ఇంజిన్ లోడును బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ లేదు. 34 పిక్ట్-3 కార్బురేటర్‌తో కలిపితే యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడుతుంది. వాక్యూమ్ ఉన్నదే తీసుకోండి.

## మీరు ఎవరు?

రోజూ ఆఫీసుకు నడిపేవాళ్లైతే స్టాక్ సైజు, మాహ్లే లేదా సిమా పిస్టన్లు, బయటి ఫిల్టర్, కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు. పవర్ గురించి ఆలోచించొద్దు, టెక్సాస్ ఎండలో ఇంజిన్ చల్లగా ఉండటమే పవర్.

వారానికోసారి షోలకు తీసుకెళ్లి కారుతో వచ్చిన నంబరు ఇంజినే ఉండాలి అనుకునేవాళ్లు తమ సొంత కేస్, క్రాంక్, హెడ్లను ఎంత ఖర్చైనా బతికించుకోవాలి. మీకు మిషన్ షాపు ఎంపికే అసలు ఎంపిక. లైన్ బోర్ బిట్లు ఈ కేస్ కోసమే పెట్టుకున్న షాపును పట్టుకోండి.

డయల్ గేజ్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలతో తీరిక దొరకనివాళ్లు రీబిల్ట్ ఇంజిన్ కొనడంలో తప్పేమీ లేదు. లిఫ్టర్లు ఎవరివి, హెడ్లు కొత్తవా, కేస్ ఎంత బోర్ చేశారు, ఎండ్ ప్లే ఎంత వచ్చింది అని అడగండి. కాగితం మీద రాసి ఇవ్వలేకపోతే ఇంకో చోట చూడండి.

హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఒకప్పుడు దిగుమతైన బీటిల్ ఉన్నవాళ్లకు లెక్క వేరు. పార్టు విదేశం నుంచి రావాలి, తప్పుదొస్తే వెనక్కి పంపడం చాలా కష్టం. మీరు గ్రైండింగ్, బోరింగ్ పనులు ముందే అక్కడి లేత్ షాపులో పూర్తి చేయించి, అంకెలు రాసుకుని, అన్నీ ఒకేసారి తెప్పించుకోండి. ఇక్కడ అమెరికాలో ఉన్న మాలాంటి వాళ్లు ఎవరైనా వస్తుంటే బేరింగులు, లిఫ్టర్లు సూట్‌కేసులో సులువుగా పడతాయి. బ్యారెళ్లు బరువు.

ఇక పార్టులు ఇంటికొచ్చాక డబ్బాలు అలాగే గ్యారేజీలో పేర్చి పెట్టొద్దు. వచ్చిన రోజే తెరిచి కొలవండి, తూచండి, లిఫ్టర్లు వెలుతురులో చూడండి. చాలా దుకాణాలు వాడని పార్టును కొన్ని వారాల లోపు వెనక్కి తీసుకుంటాయి. అసెంబ్లీ నూనె రాశాక తీసుకోవు.